ఓవర్

రాత్రి రెండున్నర. టోపీకాలో మా గది.
హెడ్‌సెట్ చెవిని ఒరుసుకుపోయే వేళకి
ఒక గొంతు, గుటక మింగి:
"ఇల్లు లేని మాజీ సైనికులకి ఈ నంబరేనా? ఓవర్."

చివరి మాట ఇంటిపేరేమో అనుకున్నాను.
హార్లన్ ఓవర్. ఫారంలో అలాగే కొట్టాను.
"కాదు మేడమ్, వెస్టర్‌బీ.
పంతొమ్మిదేళ్ల వయసులో వీపు మీద రేడియో మోశాను.
వీపు ఎప్పుడో దించేసింది,
నాలుకే ఇంకా మోస్తోంది. ఓవర్."

రెండో గడి, చిరునామా.
ఖాళీగా వదిలితే మా కంప్యూటర్ అడుగు ముందుకెయ్యదు.
"మీరెక్కడున్నారు?"
అడగ్గానే ఆ గొంతు నిటారుగా నిలబడింది.
"పదిహేను, టాంగో, విస్కీ, మైక్,"
ఆపైన ఎనిమిది అంకెలు, ఒక్కటీ తడబడకుండా.
ఒకప్పుడు ఆ అంకెలు పలికితే
ఆకాశంలోంచి హెలికాప్టర్ దిగేదట.
నా గడికి కావలసింది ఐదంకెల పిన్‌కోడ్.

"డులూత్," అన్నాడు చివరికి, తగ్గిపోయి.
"సరస్సు ఒడ్డు. ఇనుప ఖనిజం ఓడలకెత్తే రేవు వెనక.
బులుగు కారు. ఒక తలుపు మాత్రం ఎరుపు. ఓవర్."

అక్కడ సున్నాకి ఇరవై రెండు కింద.
హీటర్ గంటకి పది నిమిషాలు,
పెట్రోలు గుక్కగుక్కగా తాగించడం తనకి కొత్త కాదన్నాడు.
అంబులెన్స్ పంపనా అంటే వద్దన్నాడు.
ఫోనులో చార్జి తొమ్మిది శాతం.
ఆ తొమ్మిదిలో నేనడగాల్సినవి ముప్పై ఒక్క ప్రశ్నలు.
ఎన్నేళ్లు చేశారు, ఎలా బయటికొచ్చారు,
డిశ్చార్జి కాగితం ఎక్కడుంది
బూటులో ఉందట, రొట్టె కవరులో చుట్టి
మందులు, అప్పులు,
ఈ రాత్రి మిమ్మల్ని మీరేమైనా చేసుకోవాలని ఉందా.

దానికి జవాబు నెమ్మదిగా వచ్చింది.
"ఈ రాత్రి లేదు. ఓవర్."
ఈ రాత్రి అన్నచోట కింద గీత గీశాను.

మీతో ఇంకెవరైనా?
"ఒక్కణ్ణే."
మొదటిసారి ఓవర్ అనలేదు.
వెనక ఏదో ఊపిరి, ఆయన ఊపిరికి కాస్త ఎడంగా, గబగబా.
హీటరేమోలే అనుకుని
ఒకటి నొక్కాను.

మంచం ఒకటి దొరికింది.
మంచుకి రోడ్డు మూసేశారు, తెల్లారి ఏడింటికి
రెనాటా స్కూగ్ వస్తుంది, పచ్చ జాకెట్,
మీ ఎర్ర తలుపు తడుతుంది అని చెప్పాను.
రెండు శాతం.
ఏమనాలో తోచక, ఆయన్ని సంతోషపెడదామని,
నేనూ అన్నాను: "ఓవర్."
లైను పోయింది.

కాఫీ దగ్గర ఓడెల్‌కి చెబితే,
పదేళ్లు నౌకాదళంలో నలిగినవాడు, నవ్వలేదు.
"ఓవర్ అంటే నా మాట అయింది, ఇక నీ వంతు అని.
ముగించాలంటే ఔట్ అనాలి.
మనిషిని వంతులో నిలబెట్టి వచ్చేశావు."

ఏడు ఇరవైకి రెనాటా ఫోను.
ఎర్ర తలుపు తీశాడు. మంచం వద్దన్నాడు.
పక్క సీట్లో దుప్పటి కింద కుక్క,
పేరు టర్నిప్, ముసలిది, ఒక కన్ను పాలరంగు.
ఆ షెల్టర్లోకి కుక్కల్ని రానివ్వరని ఆయనకి ముందే తెలుసు.
"ఫోనులో అమ్మాయికి చెప్పు," అన్నాడట,
"నా వంతు వచ్చేసరికి చార్జి అయిపోయింది.
లెక్క తప్పు చెప్పాను. ఇద్దరం."

నా షిఫ్టు ముగిసి ఇరవై నిమిషాలు.
కోటు వేసుకునే కూచున్నాను.
ఫారం తెరిచి, ఒకటి చెరిపి, రెండు కొట్టాను.
కంప్యూటర్ ఊరుకోలేదు. సంబంధం? అంది.
భార్య, బిడ్డ, తల్లి, ఇతరులు.
ఇతరులు.

కుక్కల్ని రానిచ్చే చోట్ల జాబితాలో
మొదటి నంబరు
మోగుతోంది.